పగులు ఆగలేదని చెప్పిన పోస్ట్‌డాక్

ఈ మధ్య జనగామలో ఒక కాలేజీ వాళ్లు నన్ను పిలిచారు. ఎమ్మెస్సీ పిల్లలకు, పీహెచ్‌డీ చేస్తున్న కొందరికి కంప్యూటర్ సిమ్యులేషన్ రంగంలో పోస్ట్‌డాక్ అవకాశాల గురించి చెప్పమన్నారు. హాల్లోకి వెళ్లేముందు ప్రిన్సిపాల్ గారు నెమ్మదిగా అన్నారు: “మేడం, జర మంచిగ చెప్పండ్రి. పిల్లలు పరేషాన్ కావొద్దు.”

మంచిగానే చెప్పాను. ఏ దేశాల్లో ఏమేం ఉన్నాయో, ఎలా దరఖాస్తు చేయాలో చెప్పాను. చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చి ఆటో ఎక్కాక నాకు సిగ్గేసింది. అవకాశాలు ఎక్కడున్నాయో చెప్పాను గానీ, ఆ అవకాశంలోకి అడుగుపెట్టాక మనిషిని ఎలా చూస్తారో చెప్పలేదు. హాల్లో చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

నాది జనగామ వైపు కొడకండ్ల. పని చేసినంత కాలం హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో చేశాను. లోహాలు ఎందుకు విరుగుతాయి, ఎక్కడ పగులుతాయి అన్నది కంప్యూటర్లో లెక్కించడం నా వృత్తి. రిటైరై జనగామలో ఉంటున్నాను. నా ప్రమోషన్ల గురించి ఎవరికీ అక్కర లేదు, నాకూ లేదు. ఒక్క అమ్మాయి గురించి చెప్తాను. ఆమె సంగతి తెలిస్తే మా వృత్తి మీకు తెలిసినట్టే.

పనేమిటంటే

ఇనుప ముక్క ఏదైనా పరమాణువుల వరసలే. ఒక్కో పరమాణువు పక్కవాటిని లాగుతుంది, నెడుతుంది. ఆ లాగుడు, నెట్టుడు ఎంతో కంప్యూటర్‌కు చెప్తే, అది లక్షల సార్లు లెక్క కట్టి, ముక్కను సాగదీస్తే ఏమవుతుందో చూపిస్తుంది. పగులు ఎక్కడ మొదలవుతుంది, ఎటు పోతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నీ తెర మీద కనిపిస్తాయి. కొలిమి అక్కర లేదు, సుత్తి అక్కర లేదు. కానీ తప్పు చేస్తే తెర అబద్ధం కూడా అంతే అందంగా చూపిస్తుంది. మా పనిలో అసలు కష్టం ఆ అబద్ధాన్ని పట్టుకోవడమే.

పట్టుకునేది ఎక్కువసార్లు పోస్ట్‌డాక్‌లే. పీహెచ్‌డీ అయిపోయి, పక్కా ఉద్యోగం ఇంకా రాని వాళ్లను ఒక ఏడాదికో రెండేళ్లకో పెట్టుకుంటారు. వాళ్లనే పోస్ట్‌డాక్ అంటారు. విద్యార్థి కాదు కాబట్టి హాస్టల్ ఇవ్వరు. ఉద్యోగి కాదు కాబట్టి సెలవులు ఇవ్వరు. ల్యాబులో పని నడిచేది వాళ్ల చేతుల మీద. పేరు వచ్చేది పెద్దవాళ్లకు.

అందరూ ఇలాగే ఉంటారని కాదు. నేను పోస్ట్‌డాక్ చేసింది విదేశంలో, ఒక ముసలాయన దగ్గర. మొదటి వారమే ఆయన తన పాత పరిశోధన పేపరు ఒకటి నా చేతికిచ్చి, “ఇందులో నేను ఎక్కడ పొరపడ్డానో వెతుకు” అన్నాడు. నేను తడబడుతూ ఒక చోటు చూపిస్తే, పిల్లాడిలా సంబరపడి అందరినీ పిలిచి మళ్లీ నా చేతనే చెప్పించాడు. బాసు అంటే ఇట్లా ఉంటాడు కాబోలు అనుకుని ఇంటికి తిరిగొచ్చాను. ఇక్కడ చాలా ఏళ్లు వెతికాను. అలాంటి వాళ్లు లేకపోలేదు. మా గ్రూపుకు పెద్దగా వచ్చినాయన మాత్రం అలాంటివాడు కాదు.

ఆయన పేరు రాయను. భయపడి కాదు. ఆయన పేరు ఇప్పటికే చాలా చోట్ల ఉంది. ‘సారు’ అంటే చాలు.

సరిత

గుగులోతు సరితది మహబూబాబాద్ పక్కన ఒక తండా. అమ్మానాన్నలు మిరప, పత్తి వేస్తారు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగు బడిలో నేర్చుకుంది, ఇంగ్లీషు కాలేజీలో. అంటే సైన్సును తన మూడో భాషలో చదువుకున్న మనిషి. పీహెచ్‌డీ మంచి చోట చేసి మా దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరింది. భర్త రమేశ్ భూపాలపల్లి వైపు ఒక కరెంటు ప్లాంటులో, కాంట్రాక్టరు కింద బాయిలర్ మరమ్మతు పని చేసేవాడు. శనివారం బస్సెక్కి ఆమె అటు పోవడమో, అతను ఇటు రావడమో.

సారుకు అప్పటికి మంచి పేరు తెచ్చిన పని ఒకటుంది. బాయిలర్ పైపుల స్టీలులో ఒక మూలకాన్ని కొంచెం కలిపితే, మొదలైన పగులు ముందుకు పోకుండా ఆగిపోతుందని ఆయన సిమ్యులేషన్లో చూపించాడు. దాని మీద పేపరు వచ్చింది, పత్రికల్లో రాశారు. ఒక స్టీలు కంపెనీ ఆ పద్ధతిలో పైపులు తయారు చేస్తామని ముందుకొచ్చింది. ఆ పనినే ఇంకొన్ని ఉష్ణోగ్రతల దగ్గర చేసి చూపించమని సరితకు అప్పగించారు. కొత్తగా ఏమీ అడగలేదు. ఉన్నదాన్ని కొంచెం పొడిగించమన్నారు, అంతే.

ఆమె పొడిగించే ముందు పాతదాన్ని మళ్లీ చేసి చూసింది. అలా చూడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయకుండా నా గదిలోకి వచ్చింది.

“మేడం, పగులు ఆగుతలేదు.”

“ఏ పగులు?”

“సారు పేపర్ల ఆగింది సూడుండ్రి, గదే. బాక్స్ పెద్దగ చేసిన. ఆగుతలేదు. మొత్తం చీరుకుంట పోతాంది.”

ఆ బాక్స్ సంగతేమిటో చెప్పాలి. ఇనుప ముక్కంతటినీ కంప్యూటర్లో పెట్టలేం. అందుకే కంటికి కనిపించనంత చిన్న భాగాన్ని ఒక డబ్బాలా తీసుకుని, దాని చుట్టూ అన్ని వైపులా అదే డబ్బా మళ్లీ మళ్లీ ఉన్నట్టు లెక్క కడతాం. సెలూన్లో ఎదురెదురు అద్దాల మధ్య కూర్చుంటే మన బొమ్మలు వరసగా కనిపిస్తాయే, అలాగ. డబ్బా మరీ చిన్నదైతే, అందులోని పగులుకు పక్క డబ్బాలోని తన బొమ్మే అడ్డం తగులుతుంది. ఆగేది ఆ బొమ్మ వల్ల, కలిపిన మూలకం వల్ల కాదు.

సరిత డబ్బాను పెంచుతూ పోయింది. పెంచిన ప్రతిసారీ పగులు ఇంకొంచెం దూరం పోయింది. నేను పక్కన కూర్చుని అన్నీ చూశాను. ఎక్కడా వంక పెట్టలేకపోయాను. సారుకు పేరు తెచ్చిన ఆ ఫలితం డబ్బా చిన్నదవడం వల్ల వచ్చింది, అంతే.

ఇందులో సారు చేసింది నేరమేమీ కాదు. ఆ రోజుల్లో ఉన్న కంప్యూటర్లకు అంతకంటే పెద్ద డబ్బా కష్టమే. ఎవరికైనా జరగొచ్చు. పొరపాటును చూపించిన మనిషిని ఏం చేశాడో, దాని మీదే నా కోపం.

“గీ పగులు!”

గ్రూపు మీటింగులో సరిత తన బొమ్మలు చూపించింది. ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. మధ్యలో సారు అడ్డు తగిలి తెలుగులో ఏదో అడిగితే, ఆమె కూడా తెలుగులోకి వచ్చింది.

“సార్, గీ పగులు బాక్స్ చివరి దాంక పోయినంక...”

“గీ పగులా?” అని సారు నవ్వాడు. “ఏమండీ, విన్నారా? గీ పగులంట! అమ్మాయ్, ముందు భాష సరిచేసుకో, తర్వాత నా పేపర్ సరిచేద్దువుగాని.”

గదిలో చాలామంది నవ్వారు. ఆయనకు నచ్చాలని నవ్విన వాళ్లు కొందరు, నిజంగానే నవ్వొచ్చి నవ్విన వాళ్లు కొందరు. కొడకండ్లలో పుట్టి, ఈ నవ్వుకు జడిసి ఆఫీసులో వేరే యాస మాట్లాడటం అలవాటు చేసుకున్నదాన్ని నేను. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడే భాషలో ఒక్క ముక్క రాని మనుషులు, ఆమె రెండో భాష మీద నవ్వుతున్నారు.

నేను లేచాను. “భాష సంగతి తర్వాత సార్. ఆమె చూపించిన బొమ్మ తప్పా, ఒప్పా? అది చెప్పండి” అన్నాను.

ఆయన మీటింగు ముగించాడు.

తర్వాత సరితను గదిలోకి పిలిపించాడు. ఏమన్నాడో ఆమె నాకు వచ్చి చెప్పింది. “నువ్వు తెలివైన పిల్లవు. నీ కాంట్రాక్టు పొడిగించాల్సింది నేనే కదా. ఈ పెద్ద డబ్బా గొడవ పక్కన పెట్టి, ఇచ్చిన పని చెయ్యి” అన్నాడట.

“నువ్వేమన్నవు?” అని అడిగాను.

“ఆ పైపులు తయారైతె యాడ పెడ్తరు సార్ అని అడిగిన. బాయిలర్ల పెడ్తరు. బాయిలర్ కాడ ఎవరుంటరు? మా ఆయన ఉంటడు. ఆయన తోటోళ్లు ఉంటరు. పైపు పలిగితె ఆవిరి ఎట్లొస్తదో ఆయన చెప్తుంటడు మేడం. నేనెట్ల పక్కన పెడ్త?”

నిధులు లేవు

అప్పటికి సరిత కడుపుతో ఉంది. కాంట్రాక్టు పొడిగింపు సమయం వచ్చింది. గ్రూపులో మిగతా అందరికీ పొడిగించారు. ఆమె ఒక్కదానికి నిధులు లేవన్నారు. నేను ఆఫీసుకు వెళ్లి అడిగితే, అక్కడి అధికారి నాకు నచ్చజెప్పబోయాడు: “ఎలాగూ డెలివరీకి పోతుంది కదా మేడం. ఆమెకూ రెస్ట్ దొరుకుతుంది.”

ఒక మనిషి బతుకుదెరువు తీసేసి, దానికి విశ్రాంతి అని పేరు పెట్టారు. ఇంత మర్యాదగా చేసిన అన్యాయాన్ని నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు.

సంస్థ సమీక్ష కమిటీ దగ్గరికి వెళ్లాను. పాత ఫలితాన్ని మళ్లీ పరీక్షించాలి, అప్పటిదాకా స్టీలు కంపెనీకి సంగతి చెప్పాలి అన్నాను. కమిటీ పెద్ద, “ఇది మీ గ్రూపు లోపలి విషయం, బయటికి తేవద్దు” అన్నాడు. ఇంకొకాయన, “మీ వైపు అమ్మాయి కదా, మీకు అభిమానం ఉంటుంది” అని చిరునవ్వు నవ్వాడు. ఆ తర్వాత, అందరం లెక్కలకు పంచుకునే సంస్థ పెద్ద కంప్యూటర్లో నా వాటా సమయం తగ్గిపోయింది. నా ఉద్యోగం పక్కాది కాబట్టి నన్ను అంతకంటే ఏమీ చేయలేకపోయారు. మీరు గమనించవలసింది అదే. నేను అన్నదీ, ఆమె అన్నదీ ఒకే మాట. నాకు కొంచెం ఇబ్బంది అయింది. ఆమెకు ఉద్యోగం పోయింది.

సరిత సామాను సర్దుకుని భూపాలపల్లి పోయింది. ఫైళ్లన్నీ సంస్థవే, ఒక్కటి కూడా తీసుకుపోకూడదని చెప్పి పంపారు.

ఆమె తీసుకుపోలేదు. మొదటి నుంచి మళ్లీ చేసింది. ఇంకో యూనివర్సిటీలో నాకు తెలిసిన ఒక ప్రొఫెసరు తన కంప్యూటర్ వాడుకోనిచ్చాడు. ఇంటి నుంచే లెక్కలు పెట్టేది. మధ్యలో కూతురు పుట్టింది. ఒకసారి చూసి రావడానికి వెళ్లాను. రమేశ్ పాపను భుజాన వేసుకుని గదిలో తిరుగుతున్నాడు, ఆమె లాప్‌టాప్ ముందు ఉంది.

“గిదేంది మేడం, గీ బొమ్మలు నేను గూడ గుర్తుపడ్తున్న ఇప్పుడు” అన్నాడు రమేశ్ నవ్వుతూ. “పగులు అటు చివరికి పోయిందంటె ఈమె ఖుషి. ఇంట్ల ఏదన్న పలిగితె గింత ఖుషి ఎవ్వరికుంటది?”

పూర్తయ్యాక పేపరు రాసి, నా పేరు కూడా పెడతానంది. వద్దన్నాను. నేను చదివాను, సలహా చెప్పాను. పని ఆమెది. ఆమె ఒక్కదాని పేరుతోనే, లెక్కలన్నీ ఎవరైనా మళ్లీ చేసి చూసుకునేలా, ఇంటర్నెట్లో అందరికీ అందుబాటులో పెట్టింది.

కృతజ్ఞతలు

కొన్నాళ్లకు ఎక్కడో విదేశంలో, మాకెవరికీ పరిచయం లేని ఒక గ్రూపు ఆ లెక్కలు మళ్లీ చేసి, ఆమె చెప్పింది నిజమేనని రాసింది. స్టీలు కంపెనీ ఇంజనీరు ఒకాయన అది చదివి నేరుగా సరితకు ఫోన్ చేశాడు. వాళ్లు నిజమైన ముక్కలు చేసి ల్యాబులో సాగదీసి చూశారు. పగులు ఆగలేదు. ఆ పైపుల ఆలోచన అక్కడితో మానుకున్నారు. అవి ఏ బాయిలర్లోకీ ఎక్కలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ జరగకపోవడాన్ని ఎవరూ వార్తగా రాయరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఏమీ జరగకపోవడానికి కారణం సరిత.

ఇక సారు ఏం చేశాడో వినండి. మా పాత ఫలితాన్ని మేమే పెద్ద డబ్బాలో మళ్లీ లెక్కించి సరిచేస్తున్నాం అని కొత్త పేపరు వేశాడు. సరిత మా దగ్గర ఉన్నప్పుడు గీసిన బొమ్మలే అందులో ఉన్నాయి. రంగులు కూడా మార్చలేదు. రచయితల్లో ఆయన, ఇంకా ముగ్గురు నలుగురు. సరిత పేరు లేదు. చివర్లో చిన్న అక్షరాలతో, ఉపయోగకరమైన చర్చలు జరిపినందుకు ఆమెకు కృతజ్ఞతలు అని ఉంది.

అది చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను. చర్చ! ఆయన ఆమెతో చేసిన చర్చ ఏదైనా ఉందంటే ఆమె యాస మీద నవ్వడమే.

ఆ పేపరు వేసిన సైన్సు పత్రిక సంపాదకులకు నేను రాశాను, సరిత రాసింది. వాళ్లు నాన్చారు. ఇది సంస్థ తేల్చుకోవలసిన విషయం అన్నారు. సంస్థ మౌనంగా ఉంది. మళ్లీ మళ్లీ రాయగా చివరికి, ఈ విషయాన్ని సరిత అంతకు ముందే స్వతంత్రంగా చూపించిందని పత్రిక ఒక చిన్న వివరణ వేసింది. దొరికిన న్యాయం అంతే. ఆ ఏడాదే సారుకు ఘనంగా సన్మానం జరిగింది. ‘తన పొరపాటును తానే సరిదిద్దుకున్న నిజాయితీ గల శాస్త్రవేత్త’ అని వేదిక మీద పొగిడారు. నన్ను కూడా వేదిక మీదికి పిలిచారు. నేను కింద నా కుర్చీలోంచే లేచి, “ఆ పొరపాటును సరిదిద్దింది గుగులోతు సరిత. ఆమెను ఎందుకు పిలవలేదు?” అని అడిగాను. తర్వాతి వక్త పేరు చదివారు.

కాఫీ దగ్గర ఒక యువ ఉద్యోగి నా పక్కకొచ్చి గొంతు తగ్గించి, “బాగ అడిగిండ్రు మేడం” అన్నాడు. “మరి నువ్వు సారుకు చప్పట్లెందుకు కొట్టినవ్?” అన్నాను. అతని కాంట్రాక్టు కూడా ఏడాదిదే అని తెలుసు. అయినా అడిగాను.

ఇప్పుడు చేరబోయే వాళ్లకు

పోస్ట్‌డాక్ చేయొద్దని నేను చెప్పను. పరమాణువుల మధ్య ఏం జరుగుతుందో మొట్టమొదట చూసేది మనమే అయిన రోజున కలిగే సంతోషం వేరే ఏ పనిలోనూ నాకు దొరకలేదు. పాలకుర్తి నుంచి వచ్చినా, నర్మెట్ట నుంచి వచ్చినా ఆ సంతోషానికి మీకు హక్కుంది.

కానీ చేరే ముందు అక్కడ పని చేసి వెళ్లిపోయిన వాళ్లకు ఫోన్ చేయండి. ఇప్పుడు ఉన్నవాళ్లు నిజం చెప్పలేరు, వెళ్లిన వాళ్లు చెప్తారు. ఆ బాసుతో విభేదించిన మనిషి ఒక్కరైనా ఇంకా ఆ గ్రూపులో ఉన్నారా అని అడగండి. పేపరు మీద ఎవరి పేరు ఎక్కడ ఉండాలో పని మొదలుపెట్టేటప్పుడే మాట్లాడుకోండి. మొహమాటం పడొద్దు, మొహమాటమే వాళ్ల పెట్టుబడి. కుటుంబంలా ఉంటాం అని ప్రకటనలో రాసిన చోట ఇంకొంచెం జాగ్రత్త. ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారో, వడ్డించుకునేది ఎవరో కనుక్కోండి.

పక్కా ఉద్యోగాల్లో ఉన్న నా వయసు వాళ్లకూ ఒక మాట. మా కాలంలో మేమూ పడ్డాం అనడం ఆపండి. మీరు పడిన గోతిని పూడ్చకుండా వదిలి, అందులో పడటాన్ని శిక్షణ అంటున్నారు.

మానుకోటలో

సరిత ఇప్పుడు మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తోంది. ఆ ఉద్యోగం ఆమె పరీక్ష రాసి తెచ్చుకుంది. దాంట్లో ఎవరి దయా లేదు. ఆమె చేరాక మా సంస్థ నుంచి కబురు వెళ్లింది, మళ్లీ ఒక ఏడాది పోస్ట్‌డాక్‌గా రమ్మని. ఉపకారం చేస్తున్నట్టు పిలిచారు.

“ఏం చెప్పినవ్ బిడ్డా?” అని అడిగాను.

“పర్మినెంట్ అయితె వస్త అన్న. ఫోన్ పెట్టేసిండ్రు.”

మంచి శాస్త్రవేత్త సైన్సు వదిలిపెట్టి పోయిందని సానుభూతి చూపించే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె ఏదీ వదల్లేదు. కాలేజీలో ఉన్న మామూలు కంప్యూటర్ల మీద ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, డిగ్రీ పిల్లల చేత రాగిలో, ఇనుములో పరమాణువులు కదిలిస్తోంది. నేను వెళ్లిన రోజు ఒక అమ్మాయి తెర చూపిస్తూ, “మేడం, గిది ఎందుకు గిట్ల వంగింది?” అని అడుగుతోంది. గదిలో ఒక్కరూ నవ్వలేదు. సరిత కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

క్లాసు అయ్యాక నేను వచ్చిన పని చెప్పాను. ఇదంతా రాస్తున్నాననీ, ఆమెకు ఇబ్బంది కలగకుండా పేరు మార్చి, ఊరు మార్చి రాస్తాననీ అన్నాను.

సరిత నల్లబల్ల తుడుస్తూ ఆగింది. చేతులకున్న సుద్ద దులుపుకుంటూ నా వైపు తిరిగింది.

“వాళ్లు ఒకపాలి తీసేసిండ్రు మేడం. మళ్ల మీరు గూడ తీసేస్తరా?”